నేను రాతిసోపును మాయం చేసిన సంగతి

నా ఉద్యోగం మొక్కలు అతికించడం. ఈ మాట అనగానే ఎదుటివాళ్ళు "అంటు కట్టడమా?" అని అడుగుతారు. కాదు. అంటు కట్టిన మొక్క బతుకుతుంది. నా బల్ల మీదికి వచ్చేవన్నీ చచ్చిపోయి, ఎండిపోయి, పాత వార్తాపత్రికల మధ్య అణిగిపోయి వస్తాయి. వాటిని మందపాటి తెల్లకాగితం మీద జిగురుతో అతికిస్తాను. కాడ లావుగా ఉంటే సూదీదారంతో రెండు కుట్లు వేస్తాను. రాలిన గింజలుంటే చిన్న పొట్లంలో వేసి ఓ మూలన అంటిస్తాను. ఎవరు కోశారో, ఎక్కడ, ఎప్పుడు కోశారో, మొక్క పేరేమిటో రాసిన చీటీ కింద కుడివైపున పెట్టి, ఇసక సంచుల బరువు కింద ఒక రోజు ఉంచితే నా పని అయినట్టే. ఆ తర్వాత అవి ఇనప బీరువాల్లోకి వెళ్ళిపోతాయి. మా భవనంలో మూడు అంతస్తుల నిండా అవే బీరువాలు. మొక్కల మీద పరిశోధన చేసేవాళ్ళు వచ్చి ఆ షీట్లు తీసి భూతద్దంతో చూసుకుంటారు. నన్ను అక్కడ అందరూ జిగురమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు.

పని బాగా చేస్తానని పేరు. నేను చేరిన కొత్తలో పెద్దాఫీసరు ఒకాయన నా షీటు ఎత్తి చూపించి "చూడండయ్యా, ఎంత శుభ్రంగా ఉందో, పటం కట్టించుకోవచ్చు" అన్నాడు. ఆయన ఆ తర్వాత బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం నా తలకెక్కి ఇరవై రెండేళ్ళు దిగలేదు.

ఇంట్లో నా హోదా ఇంకా పెద్దది. మొక్కల ఆఫీసులో పనిచేస్తున్నాను కాబట్టి చుట్టాలందరికీ నేను మొక్కల డాక్టరుని. పసుపుపచ్చబడిన కుండీ మొక్కను చంకనేసుకుని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నేను ఆకు వెనక్కి తిప్పి చూసి, కాసేపు ఆలోచించినట్టు ఊరుకుని, "నీళ్ళు తగ్గించండి" అంటాను. సగం మొక్కలు బతుకుతాయి. చచ్చినవాటి గురించి "ఆలస్యంగా తెచ్చారు" అంటాను. పచ్చగా ఉన్న మొక్కతో నాకు పరిచయం అంతవరకే. ఈ సంగతి బయటపెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. వస్తుందని కూడా అనుకోలేదు.

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, బస్సు డ్రైవరు. ఊళ్ళోంచి కొండ మీదికి వెళ్ళే బస్సును ముప్పై నాలుగేళ్ళు నడిపి రిటైరయ్యారు. ఇన్నేళ్ళూ అందరినీ కొండెక్కించాను గానీ, చివరి స్టాపులో దిగి పది అడుగులు నడిచింది లేదు, అందరం కలిసి వెళ్దాం అన్నారు. ఓ ఆదివారం పదిహేను మందిమి భోజనం డబ్బాలు పట్టుకుని బయల్దేరాం. దారి పొడుగునా ఆయన ప్రతి మలుపులోనూ కొత్త డ్రైవరుకి గేరు ఎప్పుడు మార్చాలో చెప్తూనే ఉన్నారు. ఆ డ్రైవరు ఓపిక చూస్తే నాకు జాలేసింది.

చివరి స్టాపు నుంచి అరగంట ఎక్కితే చెట్లు ఆగిపోతాయి. అక్కణ్ణించి రాళ్ళు, గడ్డి, గాలి. ఒక పెద్ద బండ నెర్రెలోంచి మోకాలెత్తు మొక్క ఒకటి లేచి ఉంది. సన్నగా చీలికలైన ఆకులు. కాడ చివర గొడుగు ఊచల్లా పుల్లలు విప్పుకుని, ఒక్కో పుల్ల చివర మళ్ళీ ఓ బుల్లి గొడుగు, దాని నిండా తెల్లటి చిన్న చిన్న పువ్వులు. అంచుల్లో కొంచెం గులాబీ రంగు కూడా ఉంది.

"ఏమ్మా డాక్టరమ్మా, దీని పేరేంటి?" అన్నారు బావగారు.

పద్నాలుగు మొహాలు నా వైపు తిరిగాయి.

ఇలాంటి మొక్కల్ని నేను కొన్ని వందలు అతికించి ఉంటాను. కానీ నా దగ్గర అవి బల్లపరుపుగా, టీ డికాషను రంగులో, విరిగిన దువ్వెనల్లా ఉంటాయి. ఇదేమో గుండ్రంగా నిలబడి ఉంది. తెల్లగా ఉంది. మీద చీమలు తిరుగుతున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, గాలికి కదులుతోంది. కింద కుడివైపున చీటీ లేకుండా మొక్కను చూడటం నాకు అదే మొదలు.

"అడవి కొత్తిమీర" అన్నాను. అంతటితో ఊరుకోవచ్చు కదా. "లాటిన్‌లో దీనికి వేరే పేరుంది లెండి, చెప్పినా మీకు నోరు తిరగదు" అని కూడా కలిపాను.

బావగారి భార్య, నాకు తోటికోడలు, నేను అక్కా అని పిలుస్తాను. పెద్ద ఆసుపత్రి వంటగదిలో ముప్పై ఏళ్ళుగా వంట ఆవిడ పనే. మూత తీయకుండానే ఏ గిన్నెలో ఏముందో, అది ఎన్నింటికి వండిందో చెప్పేస్తుంది. ఆవిడ ఒంగి ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూసింది.

"ఇది కొత్తిమీర కాదే. క్యారెట్ ఆకు నలిపితే వస్తుంది చూడు, ఆ వాసన. అడుగున కొవ్వొత్తి ఆర్పినట్టు ఇంకోటి కూడా వస్తోంది. ఉండు" అని ఆకును నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మా భవనానికి వచ్చే పెద్దాయన ఒకరు ఎప్పుడూ చెప్పే మాట గుర్తొచ్చింది: క్యారెట్ కుటుంబంలో కూరలో వేసుకునేవీ ఉన్నాయి, మనిషిని చంపేవీ ఉన్నాయి, పోలికలు మాత్రం అన్నదమ్ముల్లా ఉంటాయి అని. నేను ఒక్క ఉదుటున దూకి ఆవిడ చేతి మీద కొట్టాను. ఆకుతోపాటు ఇంకో చేతిలోని స్టీలు నీళ్ళ సీసా కూడా ఎగిరి పడింది. అది రాళ్ళ మీద టంగుటంగుమంటూ దొర్లుకుంటూ లోయలోకి పోయింది. చాలాసేపు పోయింది. చప్పుడు ఆగేదాకా అందరం లోయలోకి తొంగిచూశాం.

"నోట్లో పెట్టకక్కా, విషం కావచ్చు!" అన్నాను, ఎగశ్వాసతో.

"పేరు తెలీదు గానీ విషమని మాత్రం తెలిసిందా?"

"పేరు తెలుసు. అడవి కొత్తిమీర."

"అయితే కొత్తిమీర విషమా?"

ఎవరో కిసుక్కుమన్నారు. అది మా ఆయనే అని నా అనుమానం. తిరుగు ప్రయాణంలో అక్క మొదటి సీట్లో కూర్చుని ఊరొచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. నా ఒళ్ళో ఒక పూలకాడ మా ఆయన చేతిరుమాలులో చుట్టి ఉంది. పేరు తేల్చి తీరాలని పట్టుదల పుట్టింది. శాస్త్రం మీద ప్రేమతో అని చెప్పుకోవాలని ఉంది గానీ, అక్క నోరు మూయించాలనే.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ అన్నారు: "తెలీదని చెప్తే పోయేది కదా?"

"ఇరవై రెండేళ్ళ సర్వీసు పెట్టుకుని తెలీదని ఎలా చెప్తానండీ?"

"నేను రోజుకి నాలుగుసార్లు చెప్తా. తెలీదు అనుకుంటేనే కదా మూత విప్పి చూసేది" అన్నారు. ఆయన మొక్కకి ఫోటో కూడా తీశారు. అందులో ఆయన బొటనవేలు చాలా స్పష్టంగా వచ్చింది.

విషం సంగతి చెప్పిన పెద్దాయన్ని మేమంతా క్యారెట్ సారు అంటాం. డెబ్బై నాలుగేళ్ళు. ఎప్పుడో రిటైరైపోయినా ప్రతి బుధవారం వచ్చి రెండో అంతస్తులో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటారు. మెడలో బూటు లేసుకి కట్టిన భూతద్దం వేలాడుతూ ఉంటుంది. జీవితమంతా క్యారెట్ కుటుంబం మొక్కల మీదే పనిచేశారు. ఎవరైనా ఆ మొక్కల గురించి అడిగితే చాలు, టీ చల్లారిపోయినా పట్టించుకోరు.

"మా తోటికోడలు అడుగుతోంది సార్" అని వాడిన పువ్వును ఆయన ముందు పెట్టాను.

"పువ్వు తెచ్చారా?" ఆయన నవ్వారు. "ఈ కుటుంబంలో పువ్వు చూసి పేరు చెప్పడమంటే, బస్టాండులో తెల్లచొక్కా వేసుకున్నవాడు కనపడితే చాలు మా అల్లుడే అన్నట్టుంటుందమ్మా. అందరూ తెల్లచొక్కాలే. కాయ కావాలి. పండి ఎండిన కాయ. జీలకర్ర గింజ మీద గీతలుంటాయే, చూశారా? వీళ్ళ జాతకమంతా ఆ గీతల్లో ఉంటుంది. లేదా మొదలు చూడాలి. కాడ నేలలోంచి లేచే చోటు. కొన్నిటికి పోయినేడాది ఆకుల తొడిమలు ఎండి, చీలి, పీచులా చుట్టూ మిగిలిపోతాయి. కొన్నిటికి నున్నగా ఉంటుంది."

ఆ తర్వాత ఆయన పాత కథ ఒకటి చెప్పారు. నూట ఇరవై ఏళ్ళ కిందట ఎవరో ఈ కొండ మీదే ఒక మొక్కను చూసి, దీని మొదట్లో దట్టంగా పీచు ఉంది, ఇది ఇంకెక్కడా లేదు అని రాసి రాతిసోపు, అంటే రాళ్ళలో మొలిచే సోంపు, అని పేరు పెట్టాడు. చూడటానికి అంతా కొండసోపులాగే ఉంటుంది. కొండసోపు ప్రతి కొండ మీదా దొరికేదే. రాతిసోపు అని చెప్పిన ఆ పాత షీట్లను ఎప్పుడో పురుగు తినేసింది. ఆ తర్వాత కొండ మీంచి తెచ్చినవన్నీ పువ్వుల కాలంలో కోసినవే. కాయల కాలంలో పైన చలి, ఎవరూ ఎక్కరు. కాబట్టి తేల్చడానికి మిగిలింది పీచొక్కటే.

"ముప్పై ఏడు షీట్లు చూశాను. ఒక్కదానికీ పీచు లేదు. పాతాయన పొరబడ్డాడు, రాతిసోపనేది లేనే లేదు, అదీ కొండసోపే అని తేల్చి, పద్నాలుగేళ్ళ కిందట వ్యాసం రాశాను. మొక్కల జాబితాలోంచి ఆ పేరు కొట్టేశారు. నా వ్యాసాలన్నిట్లోనూ నలుగురు చదివింది అదొక్కటే" అంటూ ఆయన బీరువా తెరిచి ఆ కట్ట తీశారు. "చూడండి మొదళ్ళు, ఎంత శుభ్రంగా ఉన్నాయో."

చూశాను. అప్పుడే గడ్డం గీసుకున్న మొహాల్లా ఉన్నాయి. ముప్పై ఏడూ.

ఆ శుభ్రం నాది.

నేను చేరేనాటికి ఏళ్ళ తరబడి అతికించకుండా పడి ఉన్న ఆ కొండ మొక్కల కట్టలు నాకు బాగా గుర్తే. కాడ మొదట్లో బొంతలా గోధుమరంగు పీచు, దాని నిండా మట్టి. జిగురు అంటదు. కాగితం మీద సమంగా కూర్చోదు. పైగా అసహ్యంగా ఉంటుంది. కొత్తిమీర కట్ట ఇంటికి రాగానే ఏం చేస్తాం? వేళ్ళు కత్తిరించి, పండుటాకులు ఏరి, దులిపి పెడతాం. నేనూ అదే చేశాను. తడిపి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, పోనివాటిని చిన్న కత్తెరతో నున్నగా కత్తిరించి, పీచంతా చెత్తబుట్టలో వేశాను. వద్దని ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే చెయ్యమని కూడా ఎవరూ చెప్పలేదు.

"బాగున్నాయి కదమ్మా?" అన్నారు సారు.

"చాలా శుభ్రంగా ఉన్నాయి సార్" అన్నాను. అని కిందికొచ్చేశాను.

రెండున్నర నెలలు నోరు విప్పలేదు. బుధవారాలు వస్తే రెండో అంతస్తు వైపు వెళ్ళకుండా పని కల్పించుకునేదాన్ని. ఒకసారి ఆయన మెట్ల మీద ఎదురైతే, ఏం తోచక, చేతిలో ఉన్న జిగురు డబ్బా గురించి అడగని వివరాలన్నీ చెప్పాను. పైగా నాకు నేను సర్దిచెప్పుకోవడం ఒకటి: నేను కత్తిరించిన పీచు వేరే ఏ మొక్కదో కావచ్చు, అన్ని కట్టలు అతికించాను, ఏది ఏదో ఎవరికి గుర్తు? చివరికి మా ఆయనకు చెప్పాను. ఆయన ఒక్కటే అన్నారు: "వెళ్ళి మూత విప్పి చూడు."

కాయల కాలం వచ్చింది. అయితే పువ్వులు పోయాక ఆ కొండ మీద ఎండిన గొడుగు పుల్లలే ఉంటాయి, అవీ నాలుగైదు రకాలవి. పూసినప్పుడే పోల్చుకోలేని దాన్ని, పుల్లల్లో ఏం పోల్చుకుంటాను? సిగ్గు విడిచి ఫోన్ చేశాను.

"అక్కా, నీ ముక్కు కావాలి."

"ముక్కు కావాలా, సీసా కావాలా? సీసా అయితే లోయలో ఉంది, వెళ్ళి తెచ్చుకో."

"అది కొత్తిమీర కాదక్కా. ఒప్పుకుంటున్నా."

"నా ఒక్కదానికి చెప్తే ఎలా? ఆ రోజు విన్నవాళ్ళందరికీ చెప్పు. అప్పుడొస్తా."

అక్క, బావగారు, మా ఆయన పోను మిగిలిన పదకొండు మందికి ఫోన్ చేసి, ఆ రోజు నేను చెప్పిన మొక్క కొత్తిమీర కాదు అని విన్నవించుకున్నాను. ఏడుగురికి ఆ సంగతే గుర్తులేదు. ఏ మొక్క, ఏమైంది అని మొదటి నుంచీ అడిగితే, సీసాతో సహా అంతా నేనే మళ్ళీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇద్దరం స్వెట్టర్లు వేసుకుని కొండెక్కాం. అక్క నడుం వంచి ఒక్కో ఎండు పుల్ల దగ్గరా ఆగి, రెండు కాయలు నలిపి వాసన చూడటం, తల అడ్డంగా ఊపడం, ముందుకు పోవడం. నేను వెనకాల ఆవిడ సంచీ మోసుకుంటూ నడిచాను. ఇరవయ్యో ముప్పయ్యో అయ్యాక ఒక బండ దగ్గర ఆగిపోయింది.

"ఇదే. కొవ్వొత్తి."

నేను మోకాళ్ళ మీద కూర్చుని, మొదట్లోని గులకరాళ్ళు చేత్తో పక్కకు తీశాను. గోధుమరంగు పీచు, కుచ్చులా, దట్టంగా ఉంది. వేలు పెడితే గుచ్చుకుంది. ఆ గుచ్చుకోవడం నా వేలికి తెలుసు. పక్క మొక్క చూశాను, దానికీ ఉంది. ఇంకో బండ దగ్గర ఇంకో నాలుగు చూశాను. అన్నిటికీ ఉంది. నేను అక్కడే చతికిలబడిపోయాను.

"ఏమైందే? పాము గానీ కనపడిందా?" అంది అక్క.

మొత్తం చెప్పాను. వింటూ వింటూ ఆవిడ బండ మీద కూలబడింది. కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. "అంటే కొత్తిమీర కట్ట దులిపినట్టు దులిపేశావా? ముప్పై ఏడూ?"

"ముప్పై ఏడూ."

"నీకు పేరు తెలీదనుకున్నా గానీ, పేరే లేకుండా చేశావనుకోలేదే తల్లీ!" అని మళ్ళీ నవ్వింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఆ సారుకి చెప్తావా?" అని అడిగింది.

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏముంది. ఇది ఇక్కడే ఉంటుంది. దానికి నీ జాబితాతో పనేంటి? నువ్వే ఆ పెద్దాయన కనపడినప్పుడల్లా జిగురు డబ్బా గురించి చెప్తూ బతకాలి."

మొక్కను పెకలించలేదు. పండి రాలబోతున్న కాయలు కొన్ని, కింద ఊడిపడి ఉన్న పీచు చిటికెడు పొట్లం కట్టుకున్నాను. మొక్క మొదలుకి అక్కే ఫోటో తీసింది. బొటనవేలు రాలేదు.

బుధవారం సారు బల్ల మీద రెండు పొట్లాలూ పెట్టాను. ఆయన కాయను భూతద్దంతో చూశారు. బ్లేడుతో అడ్డంగా కోసి, చుక్క నీళ్ళు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి మళ్ళీ చూశారు. గీతలు లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిలాయి. చాలాసేపటికి తలెత్తారు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"మన కొండ మీదిదే సార్."

"ఈ పీచు?"

"అదీ దానిదే."

"మరి మన షీట్లకి..."

"నేను కత్తిరించాను సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "అన్నిటికీనా?"

"అన్నిటికీ."

"దేనికమ్మా?"

"అందంగా ఉంటుందని."

ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. నా బల్ల సొరుగులో నా సొంత వస్తువులు ఏమేం ఉన్నాయో మనసులో లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. ఒక కత్తెర, ఒక దువ్వెన, మందుల డబ్బా. పెద్ద సంచీ అక్కర్లేదు.

"ఆ కొండకి బస్సుంది కదూ?" అన్నారు ఆయన, అటే చూస్తూ.

"ఉంది సార్. గంటన్నర."

"గంటన్నర." ఆ మాటను ఆయన రెండుసార్లు అనుకున్నారు. "ఇక్కడి నుంచి కనపడుతుంది కూడా. ఈ కుర్చీలో కూర్చునే ఆ వ్యాసం రాశాను. ఒక్కసారి తల తిప్పి చూసి, లేచి వెళ్ళి బస్సెక్కి ఉంటే సరిపోయేది. నాకెందుకు తోచలేదంటారు?"

"షీట్లు శుభ్రంగా ఉన్నాయి కదా సార్, నమ్మబుద్ధి అయి ఉంటుంది" అన్నాను. ఆయన నా వైపు తిరిగి ఒక్క క్షణం చూసి, అప్పుడు నవ్వారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు గానీ, ఊపిరి మాత్రం వచ్చింది.

నెల తిరక్కుండా ఆయన ఒక పేజీ సవరణ రాశారు. కాయ మీది గీతలు కూడా పాతాయన రాసిన దానికి సరిపోయాయి. రాతిసోపు తిరిగి జాబితాలోకి వచ్చింది. పాతాయన చెప్పింది నిజమని, పొరబడింది తనేనని సారు రాశారు. కింద చిన్న అక్షరాల్లో, వాసనతో మొక్కను గుర్తుపట్టినందుకు మా తోటికోడలికి కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. అక్క ఆ పేజీని ఆసుపత్రి వంటగదిలో, ఉప్పు డబ్బాల పైన అంటించుకుంది. ఇప్పుడున్న పెద్దాఫీసరు ఆవిడ నన్నేమీ అనలేదు. మొక్కలను శుభ్రం చేయరాదు అని ఒక నోటీసు టైపు చేయించి, గోడకి అంటించమని నాకే ఇచ్చింది.

తర్వాత ఆ ముప్పై ఏడు షీట్ల పని. ప్రతి షీటు మీదా జరిగింది రాసి ఒక చీటీ అంటించాలన్నారు సారు. ఇకమీద చూసేవాళ్ళు మోసపోకూడదు కదా. మొదటి చీటీ నేనే రాశాను: "దీని మొదట్లోని పీచు అతికించిన మనిషి వల్ల పొరపాటున తొలగిపోయినది." సారు చదివి, పెన్సిలు తీసి ఒక మాట కొట్టేసి పైన ఇంకో మాట రాసిచ్చారు.

"పొరపాటున అంటే చెయ్యి జారి అని అర్థమొస్తుందమ్మా. జరిగింది జరిగినట్టు రాయాలి."

పొరపాటున అన్నచోట శ్రద్ధగా అని ఉంది. తొలగిపోయినది అన్నదాన్ని నేనే తొలగించబడినది అని మార్చి, కింద సంతకం, తేదీ వేశాను. ముప్పై ఏడుసార్లు రాసి, ముప్పై ఏడుసార్లు అతికించాను. చీటీలన్నీ నిటారుగా, మూలలు సమంగా వచ్చాయి. చెయ్యి ఊరుకోదు.

ఆఖరిది ఇసక సంచి కింద పెడుతుంటే సారు నెమ్మదిగా అడిగారు: "అమ్మా, మిగతా బీరువాల్లో కూడా మీరు శుభ్రం చేసినవి ఉన్నాయా?"

నేను బీరువాల వరసను ఇటు చివర నుంచి అటు చివరిదాకా చూశాను. ఇప్పుడు ఇద్దరం బుధవారం బుధవారం ఒక్కో బీరువా తెరిచి చూసుకుంటున్నాం. రెండో అంతస్తు సగం దాకా వచ్చాం.